ఏడు నెలలు నిండినా పాప కూర్చోవడం లేదు, డాక్టరుకు చూపించాలా?

మీరు రాసినదాన్ని బట్టి పాపకు ఏడు నెలలు నిండాయి, బోర్లా పడుతోంది, కూర్చోబెడితే మాత్రం పక్కకు ఒరిగిపోతోంది. పక్కింటి పాప అదే వయసులో దోగాడేస్తోంది. మీ అత్తగారేమో "మా అబ్బాయికీ అన్నీ ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడకు" అంటున్నారు. ఇప్పుడే చూపించాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. మా రెండోవాడి విషయంలో నాలుగు నెలలు అనవసరంగా ఆగిన తల్లిని. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ టెన్షన్ కొంత తగ్గే మాట చెప్తాను. ఏడు నెలలకు సొంతంగా కూర్చోలేకపోవడం ఒక్కటే అయితే దాన్ని ఆలస్యం అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. అంటే ఒకరు తొమ్మిదో నెలలో నడిచినా, ఇంకొకరు పదిహేడో నెలలో నడిచినా ఇద్దరిదీ మామూలు ఎదుగుదలే. దోగాడటమైతే ఆ పరిశీలనలో నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు దోగాడనే లేదు. మా పెద్దది కూడా అంతే. పిర్రల మీద జరుక్కుంటూ ఇల్లంతా తిరిగి, ఒకరోజు లేచి తప్పటడుగులు వేసేసింది. పక్కింటి పాప సంగతి వదిలేయండి.

ఇక మావాడు. నెలల లెక్కన చూస్తే వాడికి ఏ లోటూ లేదు. ఐదో నెలలోనే బోర్లా పడ్డాడు. అందుకే మేం మోసపోయాం. ఏ బొమ్మ చూపించినా కుడిచేత్తోనే లాక్కునేవాడు. "అప్పుడే కుడిచేతి వాటం వచ్చేసింది" అని అందరం మురిసిపోయాం. స్నానం చేయించేటప్పుడు ఎడమ గుప్పిట నేనే విప్పి కడగాల్సి వచ్చేది. బొటనవేలు లోపలికి మడుచుకుని, మిగతా నాలుగు వేళ్లూ దాని మీద బిగుసుకుని ఉండేవి. విప్పితే అరచేతి మడతల్లో నూలు పోగులు, చెమట వాసన. కుడి అరచేతిలో ఎప్పుడూ అలా ఉండేది కాదు. చొక్కా తొడిగినా అదే తంతు. కుడిచెయ్యి ఇట్టే దూరేది, ఎడమది మోచేతి దగ్గర మడుచుకుపోయి ఎంతకీ దూరేది కాదు. ఇవన్నీ రోజూ చూస్తూనే ఉన్నాను, ఒకదానితో ఒకటి కలుపుకోలేదు.

ఆరో నెల చెకప్‌లో అడిగాను. "బరువు బాగా పెరుగుతున్నాడు, కొందరు పిల్లలు అంతే" అన్నారు. నాకు కావాల్సిందీ ఆ మాటే కాబట్టి ఇంకేమీ అడగలేదు.

పదో నెలలో వేరే డాక్టరు వాడి ముఖం మీద పల్చటి గుడ్డ వేశారు. కుడిచేత్తో లాగి పారేశాడు. మళ్లీ వేసి, ఈసారి కుడిచెయ్యి మెల్లగా పట్టుకున్నారు. వాడు తల అటూ ఇటూ తిప్పాడు, ఏడుపు అందుకున్నాడు, ఎడమ చెయ్యి మాత్రం ముఖం దాకా రాలేదు. మొత్తం అర నిమిషం పట్టలేదు. తర్వాత స్కాన్‌లో మెదడు కుడివైపు పాత దెబ్బ కనిపించింది. ఏడాది లోపు పిల్లలకు చేతివాటం ఉండదనీ, రెండు చేతులూ సమానంగా వాడాలనీ ఆ రోజే తెలిసింది నాకు.

అందుకే మీ పాప దగ్గర నేనైతే ఎన్నో నెల అన్నదానికంటే ముందు రెండు పక్కలూ ఒకేలా కదులుతున్నాయా అని చూస్తాను. ఒరిగిపోవడం ఎప్పుడూ ఒకే పక్కకా, ఎటుపడితే అటా? బోర్లా పడటం ఒకవైపు నుంచేనా? నాలుగు నెలలు దాటాక కూడా గుప్పిళ్లు ఎక్కువసేపు మూసే ఉంటున్నాయా? డైపర్ మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టంగా ఉందా? ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి వేసుకుంటోందా? లేదా దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, చంకల కింద పట్టి ఎత్తితే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తగా ఉందా? పడుకోబెట్టి రెండు చేతులూ పట్టుకుని మెల్లగా లేపితే, ఈ వయసుకు తల ఒంటితోపాటే రావాలి, వెనక్కి వేలాడకూడదు.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాళ్లు కర్రల్లా బిగబట్టి, మునివేళ్ల మీద నిలబడే పిల్లల్ని చూసి "అప్పుడే నిలబడేస్తోంది" అని సంబరపడతాం. అది ఒక్కోసారి బలం కాదు, బిగుసుకుపోవడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ వారంలోనే చూపించండి. ఒకప్పుడు చేసిన పని ఇప్పుడు మానేసిందంటే అసలు ఆగొద్దు, ఏ వయసులోనైనా సరే. ఇవేవీ లేకుండా, పోయిన నెల కంటే ఈ నెల కాస్త ఎక్కువసేపు నిలదొక్కుకుంటూ, చేతులు ముందుకు ఆనించి కూర్చోవాలని చూస్తోందంటే తర్వాతి చెకప్‌లో చెప్పినా సరిపోతుంది. కానీ తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, ఏడాదిన్నర నిండినా నడవకపోతే, మిగతా అంతా బాగున్నా చూపించాల్సిందే.

పాప నెలలు నిండి పుట్టిందో లేదో మీరు రాయలేదు. రెండు నెలలు ముందు పుట్టి ఉంటే ఇప్పుడు తనని ఐదు నెలల పాపగానే లెక్కవేయాలి. రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్లు ఇలాగే లెక్కిస్తారు. అయితే ముందుగా పుట్టిన పిల్లల్ని ఇంకా దగ్గరగా గమనించాలి కూడా.

మీ అత్తగారి మాట అబద్ధమని అనను. ఆలస్యంగా నడవడం కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. కాకపోతే అది పాపను చూపించాక చెప్పుకుని నిశ్చింతగా ఉండాల్సిన మాట, చూపించడం మానేయడానికి కారణం కాదు.

ఈలోగా మెలకువగా ఉన్నంతసేపూ నేల మీద వదలండి, మీరు పక్కనే ఉండి కాసేపు బోర్లా ఆడించండి. నిద్ర మాత్రం వెల్లకిలానే. వాకర్ కొనే ఆలోచన ఉంటే మానుకోండి, అది నడక నేర్పదు, దెబ్బలు తగిలే ప్రమాదం వేరే. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధించారు.

మావాడికి ఫిజియోథెరపిస్టు చెప్పిన పద్ధతిలో, రోజూ కాసేపు కుడిచేతికి మెత్తటి గ్లౌజు తొడిగి ఎడమ చేత్తో ఆడించేవాళ్లం. మొదటి వారం ఇంట్లో ఒకటే ఏడుపు. ఇప్పుడు నాలుగేళ్లు. కుడిచేత్తో కత్తెర పట్టుకుని కాగితం కత్తిరిస్తుంటే, ఆ కాగితాన్ని ఎడమ చెయ్యే పట్టుకుంటుంది. కాస్త వంకరగానే పట్టుకుంటుంది, అయినా పట్టుకుంటుంది.

వెళ్లేముందు ఒక వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు గదిలో పాప నిద్రపోతుంది, లేదంటే ఏడుస్తుంది, మామూలుగా ఎలా కదులుతుందో వాళ్లకు కనిపించదు. వెల్లకిలా పడుకున్నప్పుడు, బోర్లా ఉన్నప్పుడు, కూర్చోబెట్టినప్పుడు, బొమ్మ నడిమధ్యలో పట్టుకుని చూపించినప్పుడు, ఒక్కోటి అర నిమిషం చాలు. బట్టలూ సాక్సులూ తీసేసి డైపర్ మీదే తీయండి, వేళ్లు కూడా కనిపించాలి.