మొండికేసిన పుల్లీ

ప్రశ్న: మా నాన్న నాటి ట్రాక్టర్‌కి ముందువైపు ఆయిల్ సీల్ కారుతోంది. సీల్ మార్చాలంటే క్రాంక్ పుల్లీ (ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే బెల్టు చక్రం) తీయాలి. మధ్య బోల్టు వచ్చింది, పుల్లీ మాత్రం ఇసుమంతైనా కదలడం లేదు. మూడు కాళ్ల పుల్లర్ వేస్తే అంచు పెచ్చు ఊడింది. సుత్తితో కొట్టొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ దెబ్బ క్రాంక్ థ్రస్ట్ వాషర్ల (షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేవి) మీద పడుతుంది. కాళ్ల పుల్లర్ కూడా పక్కన పెట్టండి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. లాగాల్సింది అంచును కాదు, హబ్‌ని, అంటే షాఫ్ట్ మీద కూర్చునే మధ్య భాగాన్ని.

హబ్ ముఖం మీది మురికి గీకి చూడండి. చాలా పుల్లీలకు అక్కడ మరలున్న రంధ్రాలుంటాయి, గ్రీజు కిందే దాక్కుని. లేకపోతే ఎదురెదురుగా రెండు డ్రిల్ చేసి ట్యాప్ వేయించండి (లోపల మరలు కోయించండి). వాటికి బోల్టులతో మందపాటి ఇనుప పట్టీ బిగించి, పట్టీ మధ్యలోని స్క్రూతో లాగాలి. స్క్రూ నేరుగా షాఫ్ట్ మరల మీద ఆనకూడదు. హబ్ రంధ్రంలో దూరేంత చిన్న తలున్న పొట్టి బోల్టు షాఫ్ట్‌లో బిగించి, దానిమీద ఆనించండి.

తుప్పు వదిలే నూనె ముందురోజే పోయండి. స్క్రూ గట్టిగా బిగించి కాసేపు వదిలేయండి, మళ్లీ పావు చుట్టు. అప్పటికీ రాకపోతే నూనె, డీజిల్ తడి శుభ్రంగా తుడిచి, హబ్‌ని మాత్రమే చుట్టూ వేడి చేయండి. షాఫ్ట్‌కి మంట తగలనివ్వొద్దు. సీల్ కాలుతుందేమో అనుకోకండి, ఎలాగూ మార్చేదే. సాధారణంగా ‘టక్’మంటూ వదులుతుంది.

ఊడాక కీ (పుల్లీ షాఫ్ట్ మీద జారి తిరగకుండా పట్టి ఉంచే చిన్న ముక్క) అరిగిందేమో, సీల్ ఆనే చోట హబ్ మీద గాడి పడిందేమో చూడండి. గాడి ఉంటే కొత్త సీలూ కారుతుంది.