మళ్లీ చెయ్యి లేచింది, బల్లకు దూరమయ్యాను

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా, జయపురం దగ్గర. ఇంట్లో తెలుగు, బయటా గుడిలో ఒడియా. పాప మూడో తరగతి, ఒడియా మీడియం. నాకు ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం అంతంతమాత్రం. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా హోంవర్కు చేయిస్తాను. తప్పు చదివితే ఒళ్లు తెలియని కోపం. మొన్న మంగళవారం వీపు మీద వేళ్లు తేలాయి. తర్వాత ఏడుస్తాను, మోకాళ్లూని ఒట్టు పెట్టుకుంటాను, మర్నాడంతా ఉపవాసం ఉంటాను. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. నాలుగు నెలలుగా ప్రభువు బల్ల (గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు. ప్రభువును నమ్ముకుని పన్నెండేళ్లయింది. అసలు నాకు రక్షణ ఉందా?

జవాబు: అమ్మా, రక్షణ సంగతికి వస్తాను. ముందు పాప. మీ ఆత్మీయ స్థితి తేలేదాకా ఆ బిడ్డ దెబ్బలు కాస్తూ ఉండకూడదు.

ఈ రాత్రి నుంచే, కనీసం మూడు వారాలపాటు, హోంవర్కు మీ చేతిలోంచి తీసేయండి. మీవారు కూర్చోబెట్టాలి. ఆయనకు కుదరకపోతే పక్కింట్లో హైస్కూలు చదివే అమ్మాయిని అడగండి. ఎవరూ దొరకని రోజు రాయకుండానే బడికి పంపండి, టీచరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. రాయని పాఠం వల్ల వచ్చే నష్టం దెబ్బ వల్ల వచ్చే నష్టం ముందు ఏపాటిది? చెయ్యి లేస్తోందని తెలిసిన క్షణం పొయ్యి కట్టేసి వాకిట్లోకి వెళ్లండి. ఒంట్లో రేగిన కోపం దిగడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. రెండు నిమిషాలకే లోపలికి వస్తే అదే కోపంతో వస్తారు.

కోపం ఉన్నట్టుండి వచ్చిందనుకుంటున్నారు గానీ, మీ ఉత్తరంలోనే దాని వేళ ఉంది, చోటు ఉంది. కయీను ఇంకా తమ్ముడి మీద చెయ్యి చేసుకోకముందే, కోపంతో ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడే, పాపం వాకిట పొంచి ఉందని దేవుడు అతన్ని హెచ్చరించాడు (ఆదికాండము 4:7). మీ వాకిలి ఏడున్నర. మధ్యాహ్నం తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయింది, పొయ్యి ఒక పక్క, చదవలేని అక్షరాలు ఒక పక్క. సాయంత్రం ఆరింటికి ఏదైనా తినండి. వంట అయ్యాకే పుస్తకం తీయనివ్వండి. ఇవి ప్రార్థనకు బదులు కావు. మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు ప్రభువు, మెలకువ అంటే ఇదే.

ఒట్టు నాలుగు రోజుల్లో ఎందుకు వీగిపోతోంది? అది ఏడుపు వేడిలో పుట్టింది, ఆ వేడి చల్లారగానే చల్లారింది. పైగా ఏడున్నరకు ఏం చేయాలో అందులో ఒక్క మాటా లేదు. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలంటుంది ప్రసంగి గ్రంథం (5:5). ఇక ఒట్లు పెట్టుకోకండి. ఉపవాసం ఇంకా ప్రమాదం. ఖాళీ కడుపుతో సాయంత్రం పాప ముందు కూర్చోవడమంటే కోపానికి మీరే ఎదురు వెళ్లడం. ఉపవాసం ఉండాలనిపిస్తే మధ్యాహ్నం దాకా చాలు.

ఒట్టుకు బదులు ఒప్పుకోలు. "ప్రభువా, నేను పాపిని" అంటే సరిపోదు. ఏ విషయంలో పాపం చేశాడో ఆ విషయాన్నే ఒప్పుకోవాలని లేవీయకాండము 5:5 అడుగుతోంది. కాబట్టి ఇలా చెప్పండి: "ప్రభువా, మంగళవారం రాత్రి నా బిడ్డను వీపు మీద కొట్టాను. తను తప్పు చదివిందని కొట్టానన్నాను. నిజానికి ఆ అక్షరం నాకు రాదన్న సిగ్గుతో కొట్టాను." సిగ్గు సంగతి నా అనుమానం. కాకపోతే ఉన్న కారణమేదో పెట్టండి, కానీ కారణం పెట్టండి. గుడిలో ఒడియాలో ప్రార్థించినా ఈ మాట మాత్రం తెలుగులో చెప్పుకోండి. మీకు కోపం వచ్చేది తెలుగులోనే కదా.

తర్వాత పాప దగ్గరకు వెళ్లండి. కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు నీ మీద విరోధమున్నవారితో సమాధానపడు అన్నాడు యేసు (మత్తయి 5:23, 24). ఆ మాట చిన్నపిల్లల విషయంలోనూ అంతే. పాప ఎదురుగా నేల మీద కూర్చుని, "నిన్ను కొట్టడం అమ్మ తప్పు. నువ్వు తప్పు చదివావని కాదు, నాకు కోపం ఆగలేదు. ఇంకోసారి కోపం వస్తే బయటికి వెళ్తాను" అనండి. అంతటితో ఆపండి. "నువ్వు సరిగ్గా చదివితే నేనెందుకు కొడతాను" అన్న మాట కలిస్తే అది క్షమాపణ కాదు, ఇంకో దెబ్బ. తన ముందు వెక్కివెక్కి ఏడవకండి, అలా ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆ ఎనిమిదేళ్ల బిడ్డ మీద పడుతుంది. "పర్లేదమ్మా" అనిపించుకోవాలని చూడకండి. చాక్లెట్ కూడా వద్దు.

బెత్తం వాడనివాడు కొడుకును ద్వేషిస్తాడని సామెతలు 13:24 చూపించి మీకు సర్దిచెప్పేవాళ్లు సంఘంలోనే ఉంటారు. ఆ వాక్యం మాట్లాడేది బుద్ధి నేర్పడం గురించి. మీరు చేసింది శిక్షణ కాదని మీ మనసుకే తెలిసింది, అందుకే రాశారు. నరుని కోపం దేవుని నీతిని నెరవేర్చదు (యాకోబు 1:20), పిల్లలకు కోపం రేపవద్దు (ఎఫెసీయులకు 6:4). ఇవీ అదే గ్రంథంలో ఉన్నాయి.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి (యాకోబు 5:16). కూటంలో సాక్ష్యంగా చెప్పకండి, వాట్సాప్ ప్రార్థన గ్రూపులో అసలే వద్దు. ఒకరి గుట్టు కాపాడిందని మీకు రూఢిగా తెలిసిన పెద్దావిడను చూసుకోండి. బుధవారం, శనివారం ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగమనండి: "చెయ్యి లేచిందా?" అవునో కాదో చెప్పండి, వివరం తర్వాత. ఆదివారపు బడి పాఠాలు రెండు నెలలు వేరేవారికి అప్పగించమని పాస్టరు గారిని మీరే అడగండి. ఇది మీకు శిక్ష అనుకోకండి. ఈ రెండు నెలలు మీ శక్తంతా ఇంట్లో కావాలి.

బల్ల విషయానికి వస్తే, అయోగ్యముగా తిని తాగేవాడు అన్న మాట (1 కొరింథీయులకు 11:27) మిమ్మల్ని ఆపుతోంది. ఆ మాట యోగ్యత లేని మనిషి గురించి కాదు, తినే తీరు గురించి. కొరింథులో కొందరు ముందే తినేసి మత్తులయ్యేవారు, లేనివాళ్లు ఆకలితో మిగిలేవారు (21వ వచనం). పౌలు గద్దించింది దాన్ని. ఆయన చెప్పిన మందు 28వ వచనంలో ఉంది: తన్ను తాను పరీక్షించుకుని, అలా చేసి తినాలి. పరీక్షించుకుని మానేయమని లేదు. పాపాన్ని దాచిపెట్టుకుని, మానే ఉద్దేశమే లేక వెళ్తే వేరే మాట. మీరు నాలుగు నెలలుగా దూరంగా ఉండి మిమ్మల్ని మీరే దండించుకున్నారు, దానివల్ల పాపకు ఒక్క దెబ్బ తగ్గలేదు. శనివారం రాత్రి పాపతో మాట్లాడండి, బల్ల ఇచ్చే ఆదివారం వెళ్లండి.

ఇక రక్షణ. మనలో పాపం లేదంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటాం, ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు అని యోహాను రాసింది (1 యోహాను 1:8, 9) విశ్వాసులకే. "మనము" అని తననూ కలుపుకున్నాడు. మీ జిల్లాలో లూథరన్ సంఘాలు 1882లో జర్మనీలోని బ్రెక్లం నుంచి వచ్చిన మిషనరీలతో మొదలయ్యాయి. వాళ్ల సంప్రదాయానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1517లో రాసిన 95 వాదాల్లో మొదటిది, విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలన్నదే. ఒక్క రాత్రితో తీరిపోయే పని కాదది. పడ్డందుకు రక్షణ లేదనుకోకండి. పడిన చోటే ఉండిపోయి, అది పడటం కాదని సమర్థించుకునే రోజు వస్తే అప్పుడు భయపడాలి.

మళ్లీ పడితే? శిష్యుడైన పేతురు తనను ఎరగనని బొంకకముందే అతని కోసం వేడుకున్నానన్నాడు ప్రభువు, నువ్వు మళ్లీ తిరిగి వచ్చిన తర్వాత అని కూడా అన్నాడు (లూకా 22:32). కాబట్టి ఆ రాత్రే పాపతో ఆ నాలుగు మాటలు, దేవునితో ఒప్పుకోలు, ఆ పెద్దావిడకు ఫోన్. మర్నాటికి వాయిదా వేయకండి. దెబ్బలు ఆగకపోతే, లేదా రెండు వారాలకు మించి నిద్రపట్టక, దేని మీదా మనసు లేక ఉంటే వైద్యుణ్ణి చూడండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మందు అవసరమైతే వాడటం అవిశ్వాసం కాదు.

మూడు వారాలయ్యాక పుస్తకం దగ్గరకు రండి, ఈసారి చదువుకునే మనిషిగా. ఒడియా వర్ణమాల వరస మన తెలుగుదే, క ఖ గ ఘ అలాగే వస్తాయి, రూపాలే వేరు. రోజుకు రెండక్షరాలు పాప చేత మీరు నేర్చుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఒడియాలో అక్షరానికి లోపలి అచ్చు మన "ఒ"కు దగ్గరగా పలుకుతుంది. పాప "క"ను "కొ" అని చదివితే దిద్దకండి, తను చదివింది సరైనదే.