రీల్స్ చూసి కాలేజీని నమ్మొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె, మిర్చి రైతును. మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. హన్మకొండ వైపు రెండు కాలేజీలు అనుకున్నాం. ఒకదానివి ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ రీల్స్ వస్తాయి, వాడు అందులోనే చేరతానంటున్నాడు. రెండోదాని పేజీలో ఏడాదిగా ఏమీ లేదు. ఫోన్ చెప్పిందే వాడికి వేదం, నా మాట వినడు. ఏ కాలేజీని నమ్మాలి?

జవాబు: అన్నా, కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఇదే ప్రశ్నతో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. మీ బెంగ కాలేజీ గురించి కాదు, కొడుకు చేజారిపోతున్నాడేమోనని. పోలేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలందరూ అలాగే ఉంటారు.

రీల్స్ మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. ఫెస్ట్‌లో డ్యాన్సులు చూపిస్తారు, పెద్ద ప్యాకేజీ వచ్చిన ఒక్కరి ఫొటో పెడతారు. ఉద్యోగం రానివాళ్లు ఎందరో, ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయో అందులో ఉండదు. నచ్చని కామెంట్‌ను తీసేయడం క్షణం పని. 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (ఇప్పటి విద్యాశాఖ) కూడా ప్రతి ఉన్నత విద్యాసంస్థ ఒక 'సోషల్ మీడియా చాంపియన్'ను పెట్టుకుని తన మంచి పనులు చాటుకోవాలని లేఖ రాసింది. మంచి చెప్పుకోవడానికే తెరిచిన పేజీలో లోపాలు ఎలా కనిపిస్తాయి?

అలాగని మూగగా ఉన్న పేజీ నిజాయితీకి గుర్తేం కాదు. కాలేజీ సమయానికి కబురు చెప్పకపోతే పిల్లలు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిందే నమ్ముతారు. పరీక్ష ఫీజు గడువు పెంచారని సంతకం, ముద్రతో సహా ఒక నకిలీ సర్క్యులర్ తిరిగితే, నా దగ్గరికి వచ్చే అమ్మాయి ఒకామె నమ్మి ఆలస్య రుసుము కట్టింది. అసలు సర్క్యులర్ వెబ్‌సైట్‌లోకి ఆలస్యంగా వచ్చింది. ఆ తప్పు పిల్లది అని నేననను.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఎనుమాముల మార్కెట్‌లో మీ బస్తాలో చేయి పెట్టి చూడకుండా ఎవరైనా ధర చెప్తారా? మరి నాలుగేళ్లు కొడుకును పంపే కాలేజీ గేటు ఒక్కసారైనా దాటారా? వాడు ఫోన్‌ను నమ్ముతున్నాడని బాధపడుతున్నారు, మీరూ ఫోన్‌లో చూసినదాని మీదే నన్ను అడుగుతున్నారు.

రెండు కాలేజీల వెబ్‌సైట్లలో 'మ్యాండేటరీ డిస్‌క్లోజర్' అని కాలేజీ తన వివరాలు తప్పక బయటపెట్టే పత్రం ఉంటుంది, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ కోసం పెట్టాల్సిందే. అధ్యాపకుల పేర్లు, ఫీజు అందులో ఉంటాయి. దాన్ని వాడితోనే చదివించండి. తర్వాత ఇద్దరూ బస్సెక్కి వెళ్లండి. సెలవు రోజు వద్దు, క్లాసులు జరిగే రోజే వెళ్లండి. క్యాంటీన్‌లో ఫైనలియర్ పిల్లల పక్కన కూర్చుని, ఆ పేర్లున్న సార్లు నిజంగా పాఠం చెప్తున్నారా అని మీ అబ్బాయినే అడగమనండి. మీరు చాయ్ తాగుతూ వినండి చాలు. రెండింట్లో ఏదో వాడే చెప్తాడు.

ఈలోగా 'సీటు బ్లాక్ చేస్తాం, అడ్వాన్స్ ఫోన్‌పే చేయండి' అని ఇన్‌స్టాలో ఎవరైనా మెసేజ్ పెడితే రూపాయి కూడా పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే వాడిని తిట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.