టెక్ సందేహాలు: అమెరికా నంబరును అన్నిటికంటే చివర్లో వదలండి

ప్రశ్న: పదకొండేళ్లు డాలస్‌లో ఉన్నాం. వచ్చే నెల హన్మకొండకు వచ్చేస్తున్నాం. అక్కడి ఫోన్ నంబరు తీసేస్తే బ్యాంకు, 401(కె) (అక్కడి రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఓటీపీలు ఎలా? నా ఐఫోన్ 15లో మన సిమ్ వేసుకోవచ్చా?

జవాబు: నంబరు మాత్రం తీసేయకండి. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో కరెంటు, ఇంటర్నెట్‌తోపాటు ఫోన్ లైను కూడా ఆపేస్తుంటారు. అలా వదిలేసిన నంబరును 45 రోజులు దాటాక అక్కడి కంపెనీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది. మీరు ఆ నంబరు మీదే వాట్సాప్ నడుపుతుంటే అదీ వాళ్ల చేతికి వెళ్లొచ్చు.

నంబరును గూగుల్ వాయిస్‌కు మార్చుకుంటే ఒక్కసారి 20 డాలర్లు కడితే సరిపోతుంది. కానీ ఇలాంటి ఇంటర్నెట్ నంబర్లకు చాలా బ్యాంకులు ఓటీపీ పంపవు. అందుకే నెలకు ఐదు నుంచి పది డాలర్లలో దొరికే ప్రీపెయిడ్ ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కే సిమ్) ప్లాన్‌నే తీసుకోమంటాను. ఇప్పుడున్న కంపెనీ నుంచి అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ అడిగి తీసుకుని కొత్త కంపెనీకి పోర్ట్ పెట్టండి. పోర్ట్ పూర్తి కాగానే పాత లైను దానంతటదే ఆగిపోతుంది. ముందే మీరు రద్దు చేస్తే ఇక పోర్ట్ చేయడానికి నంబరే మిగలదు.

కొత్త ప్లాన్‌లో వైఫై కాలింగ్, అంటే టవర్ సిగ్నల్ లేకున్నా వైఫై మీదే కాల్స్, మెసేజ్‌లు వచ్చే సౌకర్యం ఉండాలి. దాన్ని అమెరికాలో ఉండగానే ఆన్ చేయండి, ఎందుకంటే 911 (అక్కడి అత్యవసర సేవల నంబరు) కోసం అక్కడి చిరునామా అడుగుతుంది. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, బ్యాంకు నుంచి ఒక ఓటీపీ తెప్పించి చూడండి. అలా వస్తే నయీంనగర్‌లో మీ ఇంటి వైఫై మీదా వచ్చే అవకాశం బాగా ఉంటుంది. రాకపోతే ఇంకో కంపెనీకి మారడానికి మీ చేతిలో ఇంకా టైముంది.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. 401(కె), జీతం పోర్టల్ లాగిన్‌లకు ఆఫీసు ఈమెయిలే ఇచ్చి ఉంటారు. ఉద్యోగం వదిలిన రోజే ఆ మెయిల్ మూసుకుపోతుంది, వచ్చే జనవరిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను వివరాల పత్రం) ఆన్‌లైన్‌లో తీసుకోవడం కష్టమవుతుంది. ఈ వారమే సొంత మెయిల్‌కు మార్చండి. గూగుల్ ఖాతాకు ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ప్రింటు తీసి పాస్‌పోర్టుతోపాటు పెట్టుకోండి.

ఇక ఐఫోన్. అమెరికాలో అమ్మిన 14, ఆ తర్వాతి మోడళ్లకు సిమ్ పెట్టే ట్రే ఉండదు. జియో, ఎయిర్‌టెల్ స్టోర్లలో ఈ-సిమ్ ఇస్తారు. పాత సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకుంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, బ్యాంకు పని ఆ రోజు పెట్టుకోకండి. అన్నిటికన్నా ముందు సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని ఉందా చూడండి. లేకపోతే ఫోన్ అక్కడి కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉన్నట్టు, ఫోన్ బాకీ మొత్తం కట్టి, బయల్దేరేలోపే అన్‌లాక్ చేయించుకోవాలి.

ప్రశ్న: ఇన్‌స్టంట్ పాట్, మైక్రోవేవ్, హెయిర్ డ్రైయర్ షిప్పింగ్‌లో పంపిస్తున్నాం. కరీంనగర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చా?

జవాబు: ప్రతిదాని వెనక ఉన్న లేబుల్ చదవండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నిశ్చింతగా తెచ్చుకోండి. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే, ఇక్కడి పిన్ను ఉన్న తీగ ఒకటి కొంటే చాలు. 120 వోల్టులని మాత్రమే ఉంటే వదిలేయండి. మన 230 వోల్టుల్లో నేరుగా పెడితే హీటర్ కాయిల్ మీద దాదాపు మూడున్నర రెట్లకు పైగా పవర్ పడుతుంది, అంటే 1000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్ 3,600 వాట్లకు పైగా లాగబోయి కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. 60 హెర్ట్జ్‌కు చేసిన పాతరకం మైక్రోవేవ్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ వేడెక్కుతుంది. హెయిర్ డ్రైయర్ 1,875 వాట్లది అయితే దానికి 2,000 వాట్లకు మించిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ధరకు ఇక్కడ కొత్త డ్రైయరే వస్తుంది. డ్రోన్ ఉంటే అక్కడే అమ్మేయండి, 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్లు తేవడం నిషేధం.

ప్రశ్న: దుబాయ్ నుంచి జగిత్యాలకు పూర్తిగా వచ్చేస్తున్నాను. సామాను, సిమ్ సంగతి చెప్పండి.

జవాబు: మీకు వోల్టేజీ సమస్య లేదు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడు చదరపు పిన్నుల ప్లగ్గు ఒక్కటి మార్పించుకుంటే ఇస్త్రీపెట్టె, మిక్సీ నడుస్తాయి. సిమ్ మాత్రం మీ ఎమిరేట్స్ ఐడీతో ముడిపడి ఉంటుంది. అందుకే ఆఖరి జీతం, గ్రాట్యుటీ ఖాతాలో పడి, ఆ డబ్బు ఊరికి పంపేదాకా నంబరును రోమింగ్‌తో బతికించుకోండి. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకునే విమానం ఎక్కండి. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకోవాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లు, 100 దాటదు కాబట్టి దానికి విడిగా అనుమతి అక్కర్లేదు.