కువైట్‌లో తొలి రంజాన్: భయపడాల్సిన నెల కాదు తమ్ముడూ

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. ఖాదిం వీసా (ఇంటిపనివాళ్లకిచ్చే వీసా) మీద కువైట్ వచ్చి కొన్ని నెలలే అయింది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో డ్రైవర్ పని. నేను హిందువుని. రంజాన్ నెలలో పగలు ఎవరికైనా కనబడేలా నీళ్లు తాగినా జైల్లో వేస్తారని రూములో వాళ్లు అంటున్నారు. నేను కూడా రోజా (ఉపవాసం) ఉండాలా? అసలు ఈ నెలంటే ఇక్కడ ఇంత పట్టింపు ఎందుకు?

జవాబు: తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకు జవాబు తెలిస్తే ముందు అడిగినవి వాటంతటవే తేలిపోతాయి. కానీ టెన్షన్‌లో ఉన్నావు కాబట్టి చట్టం సంగతి మొదట చెబుతాను.

రూములో వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. 1968లో చేసిన 44వ నంబరు చట్టం ప్రకారం రంజాన్ పగటి వేళ కువైట్‌లో బహిరంగంగా తినడం, తాగడం నేరం. నెల వరకు జైలు, 100 దీనార్ల వరకు జరిమానా, ఒక్కోసారి రెండూ పడొచ్చు. నీ మతం ఏదైనా ఇది వర్తిస్తుంది. కారులో కూర్చున్నా అద్దంలోంచి కనబడతావు కాబట్టి అది కూడా బయట కిందే లెక్క వేసుకో. సిగరెట్ అలవాటుంటే దానికీ ఇదే జాగ్రత్త. నీ గదిలో తలుపు వేసుకుని తినడానికి, తాగడానికి ఏ అడ్డూ లేదు. వేళకు తిను, నీళ్లు బాగా తాగు.

రోజా ఉండాల్సిన బాధ్యత నీకు లేదు. ధర్మం విషయంలో బలవంతం లేదని ఖురాన్ రెండో అధ్యాయంలోనే ఉంది. కఫీల్ మెప్పు కోసమో, భయంతోనో ఉపవాసం ఉన్నట్టు నటించకు. గౌరవం కొద్దీ ఒకరోజు ఉండి చూడాలనిపిస్తే ఉండు, సంతోషిస్తారు. షుగర్ మాత్రలు వేసుకునేవాడివైతే మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ పని చేయొద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను కడప ముస్లింని. పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి రోజాలు ఉంటున్నాను, ఇక్కడికొచ్చి స్థిరపడి చాలా కాలమైంది. ఈ నెల గురించి అడిగినవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే. తెల్లవారుజామున ఫజర్ అజాన్ నుంచి సూర్యాస్తమయం వేళ మగ్రిబ్ అజాన్ దాకా అన్నం, నీళ్లు, దాంపత్య సుఖం మానేయడం రోజాలో పైకి తెలిసే భాగం. దాన్ని ఎందుకు విధించాడో దేవుడు ఖురాన్‌లో ఒకే మాటలో చెప్పాడు: మీలో తఖ్వా కలగడానికి. దేవుడు చూస్తున్నాడన్న ఎరుకతో తప్పుకు దూరంగా ఉండటమే తఖ్వా.

దీని బలం నీలాంటి డ్రైవర్‌కి బాగా తెలుస్తుంది. ఎండ మండిపోయే నెలల్లో రంజాన్ వచ్చిందనుకో. ఇక్కడ రోజా పదిహేను గంటలు దాటుతుంది. రోజా ఉన్న డ్రైవర్ ఒంటరిగా కారులో ఉన్నాడు. పక్కన చల్లటి నీళ్ల సీసా ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది. ఏ మూలో ఆపి రెండు గుక్కలు తాగితే లోకంలో ఎవరికీ తెలియదు. ఇంటికెళ్లి అందరితో కలిసి ఖర్జూరం నోట్లో వేసుకోవచ్చు. అయినా అతను ముట్టడు. నమాజు చేస్తే పదిమందికి కనబడుతుంది. దానం చేస్తే తీసుకున్నవాడికి తెలుస్తుంది. హజ్‌కి వెళ్తే ఊరంతా సాగనంపుతుంది. రోజా ఒక్కటే మనిషికీ దేవుడికీ మధ్య రహస్యంగా ఉండిపోతుంది. ఉపవాసం నా కోసం, దాని ప్రతిఫలం నేనే ఇస్తానని అల్లాహ్ అన్నట్టు హదీసుల్లో (ప్రవక్త చెప్పిన మాటల్లో) ఉన్నది ఇందుకే అని మా పెద్దలు చెబుతారు. ఎవరూ చూడని చోట నిజాయితీగా ఉండటం నెల రోజులు సాధన చేస్తే, మిగతా పదకొండు నెలల్లో లెక్కల్లో, తూకంలో, మాటలో ఆ నిజాయితీ నిలబడాలి. నిలబడకపోతే రోజా ఫలించలేదన్నట్టే. అబద్ధం, మోసం మాననివాడు అన్నపానీయాలు మానడం దేవుడికి అవసరం లేదని ప్రవక్త చాలా గట్టిగా చెప్పారు. ఎవరైనా తగవుకు వస్తే, నేను ఉపవాసంలో ఉన్నానని చెప్పి తప్పుకోమన్నారు.

మన ఊళ్లో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములను చూశావు కదా. మండలం పాటు నేల మీద పడుకుని, కోపం దిగమింగి, చిన్నపిల్లవాణ్ణి కూడా స్వామీ అని పిలుస్తారు. వాళ్ల ముందు నోరు జారకుండా ఊరంతా జాగ్రత్తపడుతుంది. ఇక్కడ దేశం మొత్తం అలాంటి దీక్షలో ఉందనుకుంటే ఎలా మసలుకోవాలో నీకే తడుతుంది.

రంజాన్‌కి ఇంత పవిత్రత రావడానికి ఇంకో కారణం ఖురాన్. మక్కా దగ్గర హిరా గుహలో ప్రవక్తకు దైవవాణి మొదటిసారి వినిపించింది ఈ నెలలోనే. అందుకే రాత్రి ఇషా నమాజు తర్వాత తరావీహ్ నమాజులో ఇమాము గొంతెత్తి ఖురాన్ చదువుతాడు. చాలా మసీదుల్లో ముప్ఫై భాగాలూ నెలలో పూర్తి చేస్తారు. చివరి పది రోజుల్లో బేసి రాత్రుల్లో ఒకటి షబే ఖద్ర్, వెయ్యి నెలలకన్నా మేలైన రాత్రి. అది ఫలానా రోజని తేల్చి చెప్పలేదు కాబట్టి పది రాత్రులూ మేలుకుంటారు. కువైట్ సిటీలోని గ్రాండ్ మసీదుకి ఆ రాత్రుల్లో జనం పోటెత్తుతారు. అర్ధరాత్రి దాటాక మీ బాబాని (ఇంటి యజమానిని) అక్కడికి తీసుకెళ్లమని పిలుపు రావచ్చు. అందుకని ఆ పది రోజులు పగలు కాస్త నిద్రపో.

నువ్వు ఎదురుచూడని పని భారం గురించి కూడా చెప్పాలి. రంజాన్‌లో ఇక్కడ రాత్రే పగలవుతుంది. ఇఫ్తార్, ఆ తర్వాత దివానియాలకు (మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే చావళ్లకు) రాకపోకలు, అర్ధరాత్రి గబ్గా విందు, తెల్లవారుజామున రోజా మొదలయ్యేలోపు తినే సహరీ. డ్రైవర్లకూ, వంటింట్లో పనిచేసే మన కడప, కోనసీమ అక్కచెల్లెళ్లకూ ఒళ్లు హూనమవుతుంది. దీని మీద నా అభిప్రాయం దాచను. పగలంతా పస్తుండి, రాత్రి ఇరవై రకాలు వండించి సగం పారబోసే ఇల్లు, పనిమనిషిని రెండు గంటలు కూడా పడుకోనివ్వని ఇల్లు రోజా అర్థాన్ని పోగొట్టుకుంది. ఆకలి అంటే ఏమిటో తెలిసి, ఆకలితో ఉన్నవాడి మీద దయ కలగడానికి కదా ఇదంతా. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2015లో చేసిన 68వ చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది. రంజాన్‌కి అందులో మినహాయింపు లేదు. భారం మితిమీరితే ఇంట్లో సౌమ్యంగా ఉండే పెద్దావిడకో, పెద్దాయనకో మెల్లగా చెప్పు. ఈ నెలలో ఆ మాట వినేవాళ్లు ఎక్కువ.

ఇంట్లో ఆడవాళ్లు ఒక్కోరోజు రోజా ఉండకపోవచ్చు. నెలసరిలో ఉన్నవాళ్లు ఉండకూడదు. జబ్బుపడినవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సడలింపు ఉంది. తర్వాత వీలు చూసుకుని ఆ రోజులు పూర్తి చేస్తారు. ఎవరినీ ఎందుకు ఉండలేదని అడగకు.

మగ్రిబ్‌కి ముందు అరగంట రోడ్డు మీద చాలా జాగ్రత్త. ఆకలి మీద ఇళ్లకు చేరాలని అందరూ ఉరుకుతుంటారు. వీలైతే ఆ వేళకు ఎక్కడికి వెళ్లాల్సి ఉన్నా ముందే చేరుకో. సాయంత్రం మసీదుల దగ్గర పెట్టే ఇఫ్తార్‌కి వెళ్లడానికి మొహమాటపడకు. నీ మతం ఏమిటని అడగరు. పెట్టేవాళ్లు పుణ్యం కోసం పెడతారు, తినేవాడు ఉంటేనే వాళ్లకు ఆ తృప్తి. కానీ దానం చేసే నెల కదా అని ఎవరి దగ్గరా చెయ్యి చాచకు. భిక్షాటన చేస్తూ దొరికితే దేశం నుంచి పంపేస్తారు. ఊళ్లో ఎవరికో కష్టమని అనుమతి లేకుండా చందాలు పోగుచేసినా ఇబ్బందిలో పడతావు.

నెల మొదలయ్యాక ఇంట్లోవాళ్లకు "ముబారక్ అలైకుం అష్షహర్" అని చెప్పు. ఒక విదేశీ కుర్రాడి నోట ఆ మాట వింటే వాళ్ల ముఖాలు వెలుగుతాయి. నెల మధ్యలో పిల్లలు కొత్త బట్టలు వేసుకుని పాటలు పాడుతూ గిర్గియాన్ అని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరుగుతారు. ఆ రాత్రులు వీధుల్లో బండి చాలా నిదానంగా నడుపు.

చంద్రవంక కనబడితే 29 రోజులకే, లేకుంటే 30కి పండగ. నమాజుకు వెళ్లేలోపే ఇంటి యజమాని తన ఇంట్లో తలకింత చొప్పున ధాన్యమో, దాని విలువో పేదలకు ఫిత్రా ఇస్తాడు. ఆ రోజు పనివాళ్లకూ ఈదియా (పండగ కానుక) ఇస్తారు. ఇస్తే రెండు చేతులా తీసుకో, కాదనకు. మన దేశంలో చాలాసార్లు ఒకరోజు ఆలస్యంగా పండగ వస్తుంది కాబట్టి, రాయచోటిలోని నీ ముస్లిం స్నేహితులకు మర్నాడు కూడా ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పొచ్చు.

మీ రూములో కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ రెండు సంగతులు చెప్పు. ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం రంజాన్‌లో వారానికి 36 గంటలే పని. ఈద్‌కి జీతంతో మూడు రోజుల సెలవు.