కాకి రాని గంటసేపు

ప్రశ్న: అమ్మా, నాకు 46 ఏళ్లు. సొంతూరు గూడూరు. ఉద్యోగం వల్ల చెన్నైలో వేలచ్చేరిలో స్థిరపడ్డాం. పోయిన ఏడాది నాన్నగారు పోయారు. పదో రోజు మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిండం పెట్టి గంటసేపు నిలబడ్డాం. కాకి రాలేదు. నాన్నకి నా మీద కోపమేమోనని ఏడుపొచ్చింది. చివరికి ఒకటి వచ్చి గారె ముక్క ఎత్తుకుపోయింది. అది నాన్నేనా, ఆకలేసిన కాకేనా? మనిషి పోయాక ఏం మిగులుతుంది? మా ఆవిడ “అలాంటి మాటలొద్దు” అంటుంది. ఆఫీసులో నవ్వుతారు. మా దగ్గర పాతిక తెలుగు కుటుంబాలున్నాయి. పూజలు చేసేవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు, ఏదీ నమ్మనివాళ్లు. నెలకోసారి కూర్చుని మాట్లాడుకుందామని అసోసియేషన్ హాలు అడిగితే, “మతం గొడవలు మనకెందుకు సార్” అన్నారు సెక్రటరీ. నేను అడిగింది తప్పా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: తప్పేం కాదు బాబూ. కానీ హాలు ఇవ్వకపోవడమే మంచిదైంది. హాలంటే మైకుంటుంది. మైకుంటే ఎవరో ఒకరు ప్రవచనం అందుకుంటారు.

పెరంబూరులో మా డాబా మీద తొమ్మిదేళ్లుగా గురువారం సాయంత్రాలు ఐదుగురం కూర్చుంటున్నాం. కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒకాయన పక్కా నాస్తికుడు. ఎదురింటి టీచరమ్మ ఆదివారం చర్చి మానదు. మొదట్లో నేనొక తెలివితక్కువ పని చేశాను. దేవుణ్ణి నమ్ముతారా అని ఒక్కొక్కరినీ అడిగాను. రెండు వారాలు తిరక్కుండా వాళ్లిద్దరికీ మాటల్లేవు. మూడో వారం కరెంటు పోయింది. ఆ చీకట్లో, ఎవరూ అడక్కుండానే, టీచరమ్మ తన చంటిబిడ్డ పోయిన రాత్రి గురించి చెప్పింది. తెల్లారేదాకా ప్రార్థన చేస్తూనే ఉందట. ఆ తర్వాత ఏడాదిపాటు చర్చి మెట్టెక్కలేదట. “మరి మళ్లీ ఎందుకెళ్లారమ్మా?” అని మెల్లగా అడిగింది ఫిట్టరుగారే. “తిట్టుకోడానికైనా ఎవరో ఒకరుండాలి కదండీ” అంది. ఆయన వాదించలేదు. అప్పట్నుంచి మా దగ్గర ఎవరికి జరిగింది వాళ్లు చెప్పుకోవడమే.

మీరూ ఆ కాకితోనే మొదలుపెట్టండి. “ఆత్మ ఉందా లేదా” అన్నారంటే ఎక్కడెక్కడో చదివినవన్నీ బయటికొస్తాయి. కాకి కోసం నిలబడ్డ గంటసేపు చెప్పారనుకోండి, పక్కవాళ్లకి వాళ్ల నాన్న గుర్తొస్తాడు.

ఎవర్ని పిలవాలంటారా? ‘తెలియదు’ అనగలిగినవాళ్లని. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు కలిసి పిప్పలాదుడి దగ్గరికి వెళ్తారు. ఒక ఏడాది ఇక్కడుండండి, ఆ తర్వాత అడగండి, మాకు తెలిస్తే చెబుతాం అంటాడాయన. అంత పెద్ద ఋషి ‘తెలిస్తే’ అన్నాడు చూడండి! ఆ ఆరుగురిలో చివర అడిగినవాడు సుకేశుడు. అంతకుముందు కోసల రాజకుమారుడు అతన్ని అదే ప్రశ్న అడిగాడు. సుకేశుడు నాకు తెలియదన్నాడు. తెలిస్తే ఎందుకు చెప్పను, అబద్ధమాడినవాడు వేళ్లతో సహా ఎండిపోతాడు అన్నాడు. రాజకుమారుడు మారుమాట్లాడకుండా రథమెక్కి వెళ్లిపోయాడు. ప్రశ్న మాత్రం సుకేశుడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. నాకు ఆ ఉపనిషత్తులో జవాబులకన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

1986 జనవరి 4న ఇక్కడ వసంత విహార్‌లో మన మదనపల్లె జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రసంగానికి వెళ్లాను. అదే ఆయన చివరి ప్రసంగమని మాకప్పుడు తెలియదు. ఫిబ్రవరి 17న పోయారు. నిజం చెప్పొద్దూ, నాకు సగం అర్థం కాలేదు. బాగా గుర్తున్నది బస్టాపు. ముక్కూ మొహం తెలియని ముగ్గురం, వచ్చిన రెండు బస్సులూ వదిలేసి మాట్లాడుకున్నాం. అందులో ఒకావిడ ఇప్పటికీ మా డాబాకి వస్తుంది.

ఇంకోటి. ఆ రోజు టెర్రస్ మీద మీ ఆవిడ కూడా పక్కనే నిలబడి ఉంటుంది కదా. ఆమెకేమనిపించిందో ఎప్పుడైనా అడిగారా? పాతిక కుటుంబాల్ని పోగెయ్యబోయి ఇంట్లో మనిషిని వదిలేశారు. “అలాంటి మాటలొద్దు” అంటే భయపడుతోందేమో, మీరు మళ్లీ ఏడుస్తారని.

ఇక ఆ కాకి మీ నాన్నగారేనా అంటే, నాకు తెలియదు బాబూ. మావారి తద్దినం రోజు మాత్రం ఫిట్టరుగారు పొద్దున్నే వచ్చి, పిల్లి రాకుండా కర్ర పట్టుకుని విస్తరి దగ్గర కాపలా ఉంటారు. మీకు నమ్మకం లేదు కదా అన్నాను ఒకసారి.

“నాకు లేదమ్మా. మీకుంది కదా. పక్కకి జరగండి, మీ నీడ చూసి కాకి బెదురుతోంది” అన్నారు.

ముందు నలుగుర్ని మీ ఇంటికే పిలవండి. మొదటి రోజు టిఫిన్ మరీ ఘనంగా చెయ్యొద్దు. మేం పెసరట్టు ఉప్మా చేసి దెబ్బతిన్నాం, తిన్నవాళ్లు తిన్నట్టే ఆవులించారు.