బాబును సైకియాట్రిస్టుకి చూపించమని స్కూల్లో అన్నారు. హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి, మాకు అండగా ఎవరుంటారు?

ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రభుత్వ వైద్యానికి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. బుద్ధి ఎదుగుదలలో జాప్యం అనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి (బుద్ధి ఎదుగుదల లోపాలకు కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ) వెళ్లండి.

బాబు చనిపోతానంటుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చాలామంది డాక్టరు ముందు "మొండివాడండీ" అని ఊరుకుంటారు. దానితో ఏమీ తేలదు. రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయండి: ఎన్నింటికి పడుకున్నాడు, ఏడుపు దేని తర్వాత మొదలైంది, ఎంతసేపు సాగింది. టీచరు చేత కూడా ఒక పేజీ రాయించండి. "అల్లరి చేస్తాడు" అని రాసిస్తే వెనక్కిచ్చి, "లెక్కల పీరియడ్‌లో ఐదు నిమిషాలకోసారి లేస్తాడు" అన్నంత వివరంగా అడగండి. ప్రతి చీటీ ఒకే ఫైలులో పెట్టండి. డాక్టరు మారినప్పుడు అదే ఆదుకుంటుంది.

అడ్మిట్ చేయాల్సి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, అమ్మో నాన్నో, లేదా వాళ్లు పెట్టిన మనిషో పక్కనే ఉండాలి. బయట కూర్చోమంటే ఈ చట్టం పేరు చెప్పండి. ఉచిత న్యాయ సాయమూ అందులో హక్కే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి.